చిత్రం కింద లేని పేరు
హోమై వ్యారావాలా: భారతదేశపు తొలి పత్రికా ఛాయాగ్రాహకురాలు

బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదవ శతాబ్దం ముగిసే నాటికి దాని ఇనుప దారి మిడ్నపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్‌ను చేరుకుంది. తరువాత కొద్ది సంవత్సరాలలోనే వెలసిన రైల్వే వర్క్‌షాపు ఆ ఎర్రమట్టి నేల మీద ఒక పట్టణాన్ని నిలబెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా తరలివచ్చిన తెలుగువారు ఆ పట్టణ జీవితంలో విడదీయరాని భాగమయ్యారు. అనంతర కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వరాహగిరి వేంకటగిరి బి.ఎన్.ఆర్. కార్మిక సంఘ నాయకునిగా 1920ల చివరి సంవత్సరాలలో ఇక్కడి శ్రామికుల పక్షాన నిలిచారు. 1072 మీటర్ల పొడవు గల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూర్ దానిని అధిగమించే వరకు, ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందింది.

ఇటువంటి రైల్వే పట్టణాల చరిత్రను రాయదలచినవారికి కంపెనీ దస్తావేజులతో పాటు మరొక ఆకరం ఉన్నది. అది ఇళ్ల గోడలకు వేలాడే ఛాయాచిత్రం. పదవీ విరమణ చేస్తున్న ఉద్యోగి పూలదండతో మధ్య కుర్చీలో కూర్చుండగా, తోటివారు వరుసలుగా నిలబడిన సామూహిక చిత్రాలు మాతురకాటిలోనూ, ఓల్డ్ సెటిల్‌మెంటులోనూ అనేక తెలుగు కుటుంబాలలో కనిపిస్తాయి. చిత్రం అడుగున అట్ట మీద ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ, హోదాలూ అచ్చయి ఉంటాయి. ఆ గోడ మీదనే స్టూడియోలో తీయించుకున్న దంపతుల చిత్రమూ ఉంటుంది. భర్త కుర్చీలో కూర్చుని ఉంటాడు, భార్య పక్కన నిలబడి ఉంటుంది. దాని కింద పేర్లు ఉండవు. మూడవ తరానికి వచ్చేసరికి ఆమె 'తాతగారి మొదటి భార్య'గానో, 'బరంపురం మామ్మ'గానో మాత్రమే మిగులుతుంది. కెమెరా ముందు నిలిచిన స్త్రీ పరిస్థితే ఇది అయితే, కెమెరా వెనుక నిలిచిన స్త్రీ పేరు చరిత్రలో ఎంతవరకు నిలిచిందన్న ప్రశ్న సహజంగానే ఉదయిస్తుంది.

ఆ ప్రశ్నకు సమాధానం వెదికితే మొదట తెలుగు నేల మీదనే ఒక విశేషం ఎదురవుతుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియోను నెలకొల్పారు. ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలకు పరపురుషుని కంటబడకుండా చిత్రం తీయించుకునే అవకాశం దానివలన కలిగింది. శ్రీమతి కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనిత ఆ స్టూడియో బాధ్యతలు నిర్వహించారు. ఖరగ్‌పూర్‌కు రెండు మూడు గంటల రైలు ప్రయాణ దూరంలోని కలకత్తాలో అన్నపూర్ణా దత్తా (1894-1976) మరొక దారి తొక్కారు. పన్నెండేళ్ల వయసులో వివాహమైన ఆమె భర్త వద్ద ఈ విద్య నేర్చి, పాతికేళ్ల ప్రాయంలో దానినే వృత్తిగా స్వీకరించారు. దుకాణం తెరవలేదు. ఇళ్లకు వెళ్లి అంతఃపుర స్త్రీల చిత్రాలు తీసి, ఇంట్లోనే కడిగి, ముద్రించి ఇచ్చేవారు. ప్రజలు ఆమెను 'ఫొటోగ్రాఫర్ మాషీమా' అని, అంటే ఫొటోగ్రాఫర్ పిన్నిగారు అని ఆదరంగా పిలుచుకున్నారు.

వీరు నడిచినది పరదాకు లోపలి దారి. స్త్రీలను పురుషుడు చిత్రించరాదన్న ఆంక్షయే వారికి ఉపాధి కల్పించింది. ఆ పరదాను దాటి నడివీధిలోకి, సభలలోకి, శ్మశానవాటికకు, విమానాశ్రయానికి, మంచుకొండల దారికి కెమెరాతో వెళ్లిన తొలి భారతీయ మహిళ హోమై వ్యారావాలా. ఆమె ఆంధ్రురాలు కాదు, వంగ వనితా కాదు. అయినా 1947 నాటి భారతదేశాన్ని తలచుకోగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలే దృశ్యాలలో కొన్ని ఆమె చేతి మీదుగా వచ్చినవే. చిత్రం మన అందరికీ తెలుసు. తీసినవారి పేరు చాలాకాలం తెలియలేదు. ఆమె జీవితంలో చరిత్ర విద్యార్థి గమనించవలసిన ముఖ్యాంశం నా దృష్టిలో ఇదే.

హోమై 1913 డిసెంబరు 9న గుజరాత్‌లోని నవ్‌సారిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి ఊరూరా తిరిగే పార్సీ-ఉర్దూ నాటక సమాజంలో నటుడు. సురభి వంటి సమాజాలను ఎరిగిన తెలుగువారికి ఆ సంచార జీవితం ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. కుటుంబం బొంబాయిలో స్థిరపడిన తరువాత ఆమె గ్రాంట్ రోడ్ ఉన్నత పాఠశాలలో చదివారు. మెట్రిక్యులేషన్ తరగతిలో ఆమె ఒక్కరే బాలిక. ఆపైన సెయింట్ జేవియర్స్ కళాశాలలోనూ, సర్ జె.జె. కళాశాలలోనూ చదువు సాగింది. 1926లో, అంటే తన పదమూడవ ఏట, పరిచయమైన మానెక్‌షా వ్యారావాలా ఆమెకు కెమెరా పట్టడం నేర్పారు. మానెక్‌షా 'టైమ్స్ ఆఫ్ ఇండియా' సంస్థలో లెక్కల విభాగపు ఉద్యోగి, అభిరుచి వలన ఛాయాగ్రాహకుడు. వారి వివాహం 1941లో జరిగింది.

హోమై తీసిన తొలి చిత్రాలు 'బాంబే క్రానికల్' పత్రికలో అచ్చయ్యాయి. ఒక మహిళా సంఘం వారి వనవిహారం వాటి వస్తువు. చిత్రానికి ఒక రూపాయి ప్రతిఫలం లభించింది. అయితే తొలినాళ్లలో ఆమె చిత్రాలు కొన్ని వెలువడినది మానెక్‌షా పేరు మీద. పేరూ ఊరూ లేని యువతి తీసిన చిత్రమంటే సంపాదకులు తీసుకుంటారో లేదోనన్న సందేహం ఆనాడు అకారణమైనది కాదు. భర్త ఆమె శ్రమను అపహరించలేదు. మార్గం తెరవడానికి తన పేరును అరువిచ్చాడు. ఈ తేడాను మనం గుర్తించాలి. గుర్తించినా, ఫలితం మాత్రం ఒక్కటే. పాత సంచికలు తిరగవేసే పరిశోధకునికి అక్కడ హోమై కనిపించదు.

తరువాత స్టాన్లీ జెప్సన్ సంపాదకత్వంలోని 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా'లో ఆమె చిత్రాలు విరివిగా వెలువడ్డాయి. యుద్ధకాలపు బొంబాయిలో స్త్రీలు చేపట్టిన కొత్త పనులు, తోటి కళాశాల విద్యార్థినులు, నగరపు దైనందిన జీవితం ఆనాటి ఆమె వస్తువులు. మహానాయకుల చిత్రాల వెలుగులో మరుగున పడినా, ఈ బొంబాయి చిత్రాలే ఆమె దృష్టిని బాగా పట్టిస్తాయని నాకు అనిపిస్తుంది. స్టూడియో తెర ముందు బిగుసుకుని నిలబడే స్త్రీ వీటిలో లేదు. పని చేసుకుంటున్న స్త్రీ, నవ్వుతున్న స్త్రీ, తనను చూస్తున్నదెవరో పట్టని స్త్రీ కనిపిస్తుంది.

1942లో వ్యారావాలా దంపతులు ఢిల్లీకి తరలివెళ్లారు. అక్కడ బ్రిటిష్ సమాచార సేవా సంస్థలో హోమై ఉద్యోగంలో చేరారు. బయటి పత్రికలకు స్వతంత్రంగా పని చేసే వెసులుబాటు కూడా లభించింది. దీనితో దాదాపు మూడు దశాబ్దాల రాజధాని జీవితం ఆరంభమైంది. చీరకట్టుతో, భుజాన బరువైన కెమెరా సంచితో, సైకిలు మీద ఆమె ఢిల్లీ వీధులలో తిరిగారు.

ఆనాటి పరికరాల స్వభావం తెలిస్తే గాని ఈ సాహసం విలువ బోధపడదు. ఆమె వాడిన స్పీడ్ గ్రాఫిక్ కెమెరాలో ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క ఫిల్ము పలకను అమర్చవలసి ఉండేది. ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగితే సరి, తరువాతి చిత్రానికి వేడి బల్బును తీసి కొత్తది బిగించాలి. రోలీఫ్లెక్స్‌లో ఒక ఫిల్ము చుట్టకు పన్నెండే చిత్రాలు. నేడు చేతి ఫోనులో క్షణానికి పది చిత్రాలు తీసే తరానికి ఈ లెక్క వింతగా తోచవచ్చు. ఒక మహానాయకుడు కారు దిగి మెట్లెక్కే లోపల లభించేది ఒకటి రెండు అవకాశాలు మాత్రమే. ఆ క్షణానికి ముందే వెలుతురు, దూరం, తాను నిలబడవలసిన చోటు లెక్కవేసుకుని ఉండాలి. చుట్టూ తోసుకుంటూ పురుష ఛాయాగ్రాహకుల గుంపు. తిరిగి వచ్చి చీకటి గదిలో రసాయనాల మధ్య ఫిల్ము కడిగి, ముద్రించేంతవరకు దక్కినదేదో, పోయినదేదో తెలియదు.

ఆమె 'డాల్డా 13' అనే కలంపేరు వాడారు. పుట్టిన సంవత్సరం 1913, మానెక్‌షాను కలిసినది పదమూడవ ఏట, తమ మొదటి కారు నంబరు పలక మీద 'డి.ఎల్.డి. 13' అన్న అక్షరాలు. వీటిని కలిపితే వంటనూనె డబ్బాను గుర్తుచేసే ఆ పేరు తయారైంది. పదమూడును అశుభమని తలచే లోకంలో దానినే ముద్రగా ధరించిన చమత్కారం ఆమెది. కాని సొంత పేరు మరుగుపడడానికి ఈ చమత్కారమూ కొంత తోడ్పడిందేమో!

1947 జూన్‌లో దేశ విభజనపై కాంగ్రెసు నాయకులు చేతులెత్తి సమ్మతి తెలిపిన సమావేశాన్ని ఆమె చిత్రించారు. ఎత్తిన చేతుల వెనుక ముఖాలలో ఉత్సాహం లేదు. చరిత్ర గ్రంథాలలో పేజీల కొద్దీ చర్చించిన నిర్ణయపు భారం ఆ ఒక్క చిత్రంలో తెలుస్తుంది. ఆగస్టు 16న ఎర్రకోటపై తొలిసారి త్రివర్ణ పతాకం ఎగిరిన దృశ్యం, మౌంట్‌బాటెన్ దంపతుల వీడ్కోలు, గాంధీజీ అంత్యక్రియలు ఆమె కెమెరాకు చిక్కాయి. గాంధీజీ చివరి ప్రార్థన సమావేశం మాత్రం చిక్కలేదు. 1948 జనవరి 30 సాయంకాలం ఆమె చలనచిత్ర కెమెరాతో బిర్లా భవనానికి బయలుదేరారు. మరునాడు ఇద్దరం కలిసి వెళదామని మానెక్‌షా వెనుకకు పిలిచారు. ఆ మరునాడు రాలేదు. ఈ విషయమై ఆమె జీవితాంతం చింతించారు.

ఆమె అత్యధికంగా చిత్రించిన నాయకుడు జవహర్‌లాల్ నెహ్రూ. పావురాన్ని ఎగురవేస్తున్న నెహ్రూ, తొలి విమాన ప్రయాణంలో బ్రిటిష్ దౌత్యాధికారి సతీమణి సిగరెట్టుకు నిప్పు అందిస్తున్న నెహ్రూ, 1954లో విమానాశ్రయంలో సోదరి విజయలక్ష్మీ పండిట్ రాక కోసం వేచివున్న నెహ్రూ ఈ చిత్రాలలో మన ముందు నిలుస్తారు. చివరి చిత్రంలో ఆయన పక్కనే 'ఛాయాచిత్రాలు తీయుట నిషిద్ధం' అన్న ప్రకటన పలక నిటారుగా నిలిచి ఉన్నది. నిషేధాన్నీ, నిషేధించిన ప్రభుత్వానికి అధినేతనూ ఒకే చట్రంలో బిగించిన ఆ హాస్యదృష్టి ప్రభుత్వోద్యోగులమైన మాబోటివారికి మరింత రుచిస్తుంది! 1964లో నెహ్రూ మరణించినప్పుడు తోటి ఛాయాగ్రాహకులకు కనబడకుండా ముఖం పక్కకు తిప్పుకుని ఆమె కంటతడి పెట్టుకున్నారు. ఆ తరువాత మళ్లీ కెమెరా కన్నుకు ఆనించారు.

1956 ఖరగ్‌పూర్‌కు ప్రత్యేకమైన సంవత్సరం. ఒకప్పుడు హిజ్లీ నిర్బంధ శిబిరం ఉన్న చోట 1951లో వెలసిన ఐ.ఐ.టి. తొలి స్నాతకోత్సవంలో నెహ్రూ ప్రసంగించినది ఆ సంవత్సరమే. హోమై జీవితంలో అత్యంత సాహసోపేతమైన యాత్ర జరిగినది కూడా ఆ సంవత్సరం చివరనే. బుద్ధ జయంతి 2500వ ఉత్సవాలలో పాల్గొనడానికి పద్నాలుగవ దలైలామా టిబెట్ నుంచి నాథూలా కనుమ మీదుగా సిక్కింలో అడుగుపెడుతున్నారు. భారతదేశానికి ఆయన తొలి రాక అది. 'లైఫ్' పత్రిక కోసం ఆ ఘట్టాన్ని చిత్రించడానికి హోమై వెళ్లారు. ఉత్తర వంగ మైదానం దాటి, తీస్తా లోయ వెంబడి గాంగ్టక్‌కు చేరే కొండదారి నేటికీ వర్షాకాలంలో విరిగిపడుతూనే ఉంటుంది. నలభై రెండేళ్ల గృహిణి, ఒక కుమారుని తల్లి, కెమెరాలు మోసుకుంటూ ఆ దారి పట్టింది. పొట్టి గుర్రాల మీద దిగివస్తున్న ఆ యువ మతాచార్యుని చిత్రం ప్రపంచానికి దక్కింది. ఆ గుర్రపు బాటకు సరిహద్దు ద్వారాలు 1962 యుద్ధంతో మూతబడ్డాయి. 2006లో వ్యాపారానికి మాత్రమే తిరిగి తెరుచుకున్నాయి.

హో చి మిన్, ఐసెన్‌హోవర్, ఎలిజబెత్ రాణి, జాక్వెలిన్ కెన్నెడీ వంటి విదేశీ అతిథుల రాకపోకలన్నీ ఆమె చిత్రించారు. ఆ జాబితా దీర్ఘమైనది. 'ఆన్‌లుకర్', 'టైమ్', 'లైఫ్' వంటి పత్రికలకు పని చేశారు. అయినా ప్రభుత్వ ప్రచురణలలోనూ, పాఠ్యపుస్తకాలలోనూ పునర్ముద్రితమైన చిత్రాల కింద ఆమె పేరు తరచు కనిపించలేదు. చిత్రాన్ని సమకూర్చిన సంస్థ పేరు వేయడం, వ్యక్తి పేరు వదలివేయడం కార్యాలయాలలో చిరకాలంగా ఉన్న అలవాటు. దస్త్రానికి సంఖ్య ఉంటే చాలునని భావించే మన పద్ధతి చరిత్రకారునికి ఎంత నష్టం కలిగిస్తుందో ఈ ఒక్క ఉదాహరణ చాలు. దీనిని సరిదిద్దడానికి కొత్త చట్టం అవసరం లేదు. ప్రచురణ విభాగంలో ఒక గుమాస్తా శ్రద్ధ చాలు.

1969లో మానెక్‌షా మరణించారు. మరుసటి సంవత్సరం హోమై వృత్తిని పూర్తిగా విడిచిపెట్టారు. ఆనాటికి ఆమెకు 56 ఏళ్లు. కొత్త తరం ఛాయాగ్రాహకుల ప్రవర్తన తనకు నచ్చలేదని, వృత్తిలో మర్యాద నశించిందని ఆమె చెప్పారు. ఆ నిర్ణయం తొందరపాటని కొందరికి తోచవచ్చు. కాని తాను చిత్రించిన నాయకత్వపు వాతావరణమే అప్పటికి మారిపోయింది. భద్రతా వలయాలు, తోపులాటలు పెరిగాయి. మనిషికి, కెమెరాకు నడుమ ఉన్న చనువు పోయింది. ఆ చనువు లేని చిత్రాలు తీయడంకన్నా మానుకోవడం మేలని ఆమె భావించి ఉంటారు. తరువాతి నలభై సంవత్సరాలకు పైగా ఆమె మళ్లీ వృత్తి జోలికి పోలేదు.

పిలానీలో అధ్యాపకుడైన కుమారుని వద్ద కొంతకాలం ఉండి, ఆమె వడోదరలో స్థిరపడ్డారు. 1989లో ఆ కుమారుడు కూడా క్యాన్సరుతో మరణించాడు. అక్కడి నుంచి ఆమె ఒంటరిగా జీవించారు. వంట, తోటపని, వడ్రంగం, నీటి గొట్టాల మరమ్మతు, అన్నీ స్వయంగా చేసుకునేవారు. చుట్టుపక్కల వారికి ఆమె ఒక వృద్ధురాలైన పొరుగింటావిడ మాత్రమే. ఆమె ఇంటి పెట్టెలలో దేశ స్వాతంత్ర్య చరిత్ర నెగటివ్‌ల రూపంలో దాగి ఉన్నదని ఎంతమంది ఎరుగుదురు?

ఆ పెట్టెలు తెరిపించిన ఘనత జామియా మిలియా ఇస్లామియా అధ్యాపకురాలు సబీనా గడిహోక్‌ది. 1998 నాటి 'త్రీ విమెన్ అండ్ ఎ కెమెరా' అనే తన లఘుచిత్రంలో ఆమె హోమైని మరి ఇద్దరు ఛాయాగ్రాహకురాళ్లతో కలిపి పరిచయం చేశారు. 2006లో సమగ్రమైన జీవిత గ్రంథం వెలువరించారు. ఎప్పుడు తీసినది, ఎక్కడ నిలబడి తీసినది, చట్రం వెలుపల ఎవరున్నారు, ఇటువంటి వివరాలను హోమై తన తొంభయ్యో పడిలో గుర్తుతెచ్చుకుని చెప్పగలిగారు. ఆమె దీర్ఘాయుష్షు చరిత్రకు చేసిన ఉపకారం అది. అరవై ఏళ్లకే కన్నుమూసి ఉంటే ఆ చిత్రాలలో అనేకం నేటికీ కర్త పేరు తెలియని చిత్రాలుగానే మిగిలేవి.

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలోని చిత్రాలకు అటువంటి అడిగేవారు ఇంకా రాలేదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించడానికి ఆమోదించిన తరువాత అక్కడి తెలుగువారి చరిత్రపై ఆసక్తి పెరిగింది. వలస వచ్చిన తొలి తరాల పురుషుల వివరాలు రైల్వే సర్వీసు పుస్తకాలలో కొంతైనా లభిస్తాయి. ఆ ఇళ్ల స్త్రీల వివరాలకు ఛాయాచిత్రమూ, పెద్దల జ్ఞాపకమూ తప్ప వేరే ఆధారం లేదు. చిత్రం వెనుక పెన్సిలుతో (సిరా అయితే ఊరి ముందువైపు మరకలు కడుతుంది) పేరు, ఊరు, సంవత్సరం రాయించే పని, చెప్పగల ముసలమ్మలు ఉన్నప్పుడే జరగాలి.

2010లో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల హోమై చిత్రాలతో ఒక సమగ్ర ప్రదర్శన ఏర్పాటు చేసింది. అదే సంవత్సరం కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఆమెకు జీవన సాఫల్య పురస్కారాన్ని అందించింది. 2011లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో సత్కరించింది. తన చిత్రసంపదను ఆమె ఢిల్లీలోని అల్కాజీ ఫౌండేషన్‌కు అప్పగించారు. 2012 జనవరి 15న వడోదరలో, తన 98వ ఏట, ఆమె తుదిశ్వాస విడిచారు. మరునాటి పత్రికలు 1947 నాటి ఆ చిత్రాలనే మళ్లీ అచ్చువేశాయి, ఈసారి ఆమె పేరుతో.